డాక్టరు సీటు: పిల్లల్ని సరిహద్దు దాటించే ముందు ఒక లెక్క

మా తాత చిత్తూరు వైపు నుంచి కోలార్ గనికి వచ్చినాడు. చాంపియన్ రీఫ్‌లో రాతి దుమ్ము పీల్చి, ముసలితనంలో రాత్రంతా దగ్గుతా కూర్చునేవాడు. 2001 ఫిబ్రవరి 28న గని మూతపడింది. ఇప్పుడు మా ఇళ్లల్లో ఏ బిడ్డ బాగా చదివినా "డాక్టర్ని చేస్తాం" అంటాం. ఆ కోరిక ఎక్కడ పుట్టిందో నాకు తెలుసు.

దాంతోపాటు ఒక అలవాటూ వచ్చింది. ఎనిమిదో తొమ్మిదో కాగానే పిల్లల్ని తిరుపతికో విజయవాడకో పంపి హాస్టల్లో వేయడం. "మన భాషే కదా" అంటారు. పదో తరగతి ఇక్కడ పాసయ్యేదాకా ఆ పని చేయొద్దండి అంటాను నేను.

లెక్క చూడండి. కర్ణాటక కోటాకు మామూలు దారి ఇది: ఒకటి నుంచి పన్నెండు లోపల కనీసం 7 సంవత్సరాలు ఈ రాష్ట్రంలో చదవాలి, పదో తరగతి గానీ రెండో పీయూసీ గానీ ఇక్కడే పాసవ్వాలి. ఆంధ్రలో లోకల్ కావాలంటే, మామూలుగా ఇంటర్‌తో ముగిసేలా వరసగా 4 సంవత్సరాలు అక్కడ చదవాలి. ఇక్కడ పది పాసై ఇంటర్‌కు పోయిన పిల్లకు కర్ణాటక నిలుస్తుంది. తొమ్మిదికే పోయిన పిల్లకు ఇది పోయినా ఆంధ్ర దక్కుతుంది. పదో తరగతికి పోయి అక్కడే ఇంటర్ చేసినవాడికి అక్కడ మూడేళ్లే! రెంటికీ చెడ్డ రేవడి.

ఇక మిగిలేది ప్రభుత్వ కాలేజీల్లో అఖిల భారత 15 శాతం, లేదంటే డబ్బు సీటు. టమకలో దేవరాజ్ అరసు కాలేజీ మన పక్కనే ఉన్నా అది డీమ్డ్ యూనివర్సిటీ, సీట్లు ఎంసీసీ కౌన్సెలింగ్‌లోనే. పల్లెబడిలో ఒకటి నుంచి పది దాకా చదివినవాళ్లకు కర్ణాటకలో గ్రామీణ కోటా ఉంది. కన్నడ మీడియంలో చదివితే దానికి వేరే కోటా. తొందరపడితే ఇవీ పోతాయి.

"మరి కోచింగ్?" అంటారు. నీట్‌లో 720 మార్కులకు 360 జీవశాస్త్రానివే. గట్టిగా చదివేవాడికి పది తర్వాత రెండేళ్లు చాలు. పదమూడేళ్ల బిడ్డను ఇంటికి దూరం చేసి కొనేది ఏముంది?

తెలుగు ఇంట్లో మాట్లాడుకుంటే నిలుస్తుంది, హాస్టల్ ఫీజు కట్టి నిలబెట్టక్కర్లేదు. ఏటా కేఈఏ పుస్తకం వస్తుంది. టీసీ తీసుకునే ముందు అందులో అర్హత పేజీ ఒకసారి ఇంటిల్లిపాదీ కూర్చుని చదవండి.