మొక్క మంచిదే - అది తాగిన నీటి మాటేమిటి?

గుంటగలగర, సరస్వతి ఆకు, పొన్నగంటికూర, నీరుగొబ్బి, తుంగముస్తలు - మన గృహవైద్యంలో తరచుగా వాడే ఈ ఓషధులన్నీ తడినేలను కోరుకొనేవే. కృష్ణా డెల్టాలో వీటికి కొరత లేదు. కాలువ గట్టున, పంటబోదె పక్కన చేతికందే దూరంలో పెరుగుతాయి. అయితే విజయవాడ నగరం గుండా సాగే బందరు, ఏలూరు, రైవస్ కాలువలలో మురుగు కలుస్తున్నది. బుడమేరు తాను మోసుకొని వచ్చిన మాలిన్యాన్ని కొల్లేటికి చేరుస్తున్నది. పొలాలలో చల్లిన పురుగుమందులు వాననీటితో బోదెలలోకి దిగుతున్నవి. ఆ నీటినే మన మూలికలు తాగుతున్నవి.

"మూలికలను ఎలుకలపై పరీక్షించి, విషం లేదని తేలిన తరువాత వాడితే సరిపోదా?" అని విద్యావంతులు కొందరు అడుగుతుంటారు. ప్రశ్న సమంజసమైనదే. కాని నీటివలన మూలికకు సంక్రమించిన దోషాన్ని కనిపెట్టడానికి ఎలుకల ప్రాణం తీయడం తగిన మార్గం కాదని నా అభిప్రాయం.

ఎన్ని జంతువులలో సగం చనిపోతాయో ఆ మోతాదును లెక్కకట్టే పద్ధతిని 1927లో ట్రెవన్ అనే శాస్త్రవేత్త ప్రతిపాదించారు. క్రూరమైన ఆ పాత పద్ధతిని అంతర్జాతీయ ప్రమాణాల నుండి 2002లో తొలగించారు. ఇప్పటి పద్ధతులలో కొద్ది జంతువులకు ఒకసారి మందు ఇచ్చి 14 రోజులు గమనిస్తారు. సీసం స్వభావం వేరు. అది ఎముకలలో ఏళ్ళతరబడి నిలువ ఉండి, పసిపిల్లల మెదడును మెల్లగా దెబ్బతీస్తుంది. పద్నాలుగు రోజులలో అది బయటపడదు. 28 రోజుల, 90 రోజుల పరీక్షలూ ఉన్నవి. అయినా అవి చెప్పేది పరీక్షకు తెచ్చిన ఆ ఒక్క మూట సంగతే. రేపు మరొక కాలువ గట్టున కోసిన మూటకు ఆ పూచీ వర్తించదు. కొత్త యోగాలకు, కొత్త సారాలకు జంతుపరీక్ష అవసరమైతే నియమానుసారం, అతి తక్కువ ప్రాణులతో చేయవచ్చును. ప్రతి మూటకూ చేయడం సాధ్యమూ కాదు, ధర్మమూ కాదు.

మన పూర్వులు ప్రాణులద్వారా విషాన్ని గుర్తించలేదా అంటే, గుర్తించారు. విషాన్నాన్ని చూచిన చకోరపు కన్నులు రంగు మారుతాయని అష్టాంగహృదయం సూత్రస్థానం ఏడవ అధ్యాయం చెబుతున్నది. సుశ్రుతసంహిత కల్పస్థానం మూడవ అధ్యాయంలో విషజల లక్షణాలున్నవి: నీరు జిగటగా, దుర్వాసనతో, నురుగుతో ఉంటుంది, చేపలు, కప్పలు చనిపోతాయి, ఒడ్డున పక్షులు వెర్రిగా తిరుగుతాయి. ఇక్కడ ప్రాణికి ఎవరూ విషం పెట్టలేదు. ఆ నీటిలో బ్రతికే ప్రాణి స్థితిని చూచి వైద్యుడు జాగ్రత్తపడినాడు. మన పర్యావరణ నియమాలలోనూ ఇటువంటి ప్రమాణమే ఒకటి ఉన్నది. కర్మాగారం వదిలే వ్యర్థజలంలో 96 గంటలు ఉంచిన చేపలలో నూటికి 90 బ్రతకాలి. తెలియని విషాలు అనేకం కలిసిన నీటికి ఈ పరీక్ష ఉపకరిస్తుంది. అది కర్మాగారపు గొట్టం వద్ద నిజాయితీగా జరిగితే మూలిక దాకా వచ్చే విషం కొంతైనా తగ్గవచ్చును.

2020 డిసెంబరులో ఏలూరులో 500 మందికి పైగా జనం మూర్ఛలతో ఆసుపత్రిపాలైన సంగతి పాఠకులకు గుర్తుండే ఉంటుంది. రోగుల రక్తంలో సీసం, నికెల్ ఉన్నట్లు ఎయిమ్స్ పరీక్షలు తెలిపినవి. పురుగుమందుల అవశేషాలు ఇతర సంస్థల పరీక్షలలో కనిపించినవి. రక్తాన్ని, నీటిని, ఆహారాన్ని నేరుగా పరీక్షించినందువల్లనే ఈ మాత్రమైనా తెలిసింది. మూలికలకూ అదే మార్గం కావాలి.

ఓషధులలో పది లక్షల భాగాలకు సీసం 10, ఆర్సెనిక్ 3, పాదరసం 1, కాడ్మియం 0.3 భాగాలు మించరాదని మన ప్రమాణాలున్నవి. ఎగుమతి చేసే కేవల మూలికా ఔషధాలకు ఈ పరీక్ష 2006 జనవరి నుండి తప్పనిసరి. విదేశీయునికి కల్పించిన రక్షణ విజయవాడ అంగడిలో పచారీవాని వద్ద మూలిక కొనే తల్లికి అక్కరలేదా? ప్రతి మూటపై సేకరించిన ఊరిపేరు ఉండాలి. నగరంలోని డాక్టర్ నోరి రామశాస్త్రి ప్రభుత్వ ఆయుర్వేద కళాశాల వంటి సంస్థలు ఏ కాలువ గట్టున మూలిక కోయరాదో పరీక్షించి ప్రకటిస్తే ఎంతో మేలు. గురుకులంలో మా గురువుగారు మొక్కకంటె ముందు నేలను చూపించేవారు. విషంచేత, మలిన జలంచేత చెడిన ద్రవ్యాన్ని గ్రహించరాదని శాస్త్రమే శాసించినది.

గృహిణులకు ఒక్క హెచ్చరిక. నీటిని మరిగిస్తే క్రిములు నశిస్తాయి కాని సీసం ఆవిరైపోదు. నాలుగు గ్లాసుల నీటిని ఒక గ్లాసు మిగిలేలా కషాయం కాచినపుడు, ఆ నీటిలోని లోహం చాలావరకు ఆ ఒక్క గ్లాసులోనే మిగులుతుంది. చిల్లగింజ అరగదీసి కలిపితే మట్టి పేరుకొంటుంది. కరిగిన విషం పోయినదని నమ్మరాదు. కనుక కషాయానికి శుద్ధజలమే వాడండి. మురుగు కలిసే కాలువల గట్లపై ఆకు కోయకండి. సరస్వతి ఆకు, గుంటగలగర, పొన్నగంటి ఒక తొట్టిలో మంచి మట్టిపోసి, మంచినీటితో పెంచుకొనండి. అందుకు పెరడు కూడా అక్కరలేదు, కొంచెం ఎండ తగిలే చోటు చాలు.