గేర్‌బాక్స్ విప్పొద్దు.. ముందు జబ్బేంటో పట్టుకోండి

ఆటోమేటిక్ కారు ఇప్పుడు డబ్బున్నోళ్ల వస్తువేం కాదు. 2014లో మారుతి సెలెరియో ఏఎంటీతో వచ్చాక క్లచ్ పెడల్ లేని కారు మధ్యతరగతి ఇంటి ముందుకూ చేరింది. అప్పటి కార్లు ఇప్పుడు సెకండ్ హ్యాండ్‌లో చేతులు మారుతున్నాయి. వాటికి వయసు మీద పడేకొద్దీ గేరు మారేటప్పుడు కుదుపు, ‘డి’లో పెట్టినా కదలకపోవడం, డ్యాష్‌బోర్డు మీద పసుపు లైటు మామూలే. అప్పుడు ఇంట్లో అందరి చూపూ ఇంజినీరింగ్ చదివే పిల్లల మీదే. ‘‘బీటెక్ చదువుతున్నావు కదరా, ఏమైందో చూడు’’ అంటారు.

మనలో చాలామంది చేసేవి రెండే. ‘‘అది మా సబ్జెక్ట్ కాదు మావయ్యా’’ అని తప్పుకోవడం ఒకటి. నాలుగు యూట్యూబ్ వీడియోలు చూసి స్పానర్ పట్టుకోవడం రెండోది. నా దృష్టిలో రెండూ తప్పే. ఆటోమేటిక్ గేర్‌బాక్స్ విప్పి బిగించడం ఇంట్లో అయ్యే పని కాదు. కానీ జబ్బు ఎక్కడుందో వెతికే పనిలో చాలా భాగం ఇంటి ముందే చెయ్యొచ్చు. ఉద్యోగాల వేటలో ఉన్నవాళ్లకు అసలు పనికొచ్చేది కూడా ఆ భాగమే.

ఏ గేర్‌బాక్సో ముందు తెలియాలి

‘ఆటోమేటిక్’ అనేది ఒక్క మెషీన్ పేరు కాదు. మన రోడ్ల మీద ప్రధానంగా నాలుగు రకాలున్నాయి. ఏఎంటీలో ఉండేది మామూలు మాన్యువల్ గేర్‌బాక్సే. క్లచ్ నొక్కడం, గేరు మార్చడం మనిషికి బదులు యాక్చుయేటర్లు చేస్తాయి. టార్క్ కన్వర్టర్ రకంలో ఇంజిన్ శక్తి ఆయిల్ ద్వారా వెళ్తుంది. లోపల ప్లానెటరీ గేర్లుంటాయి. సీవీటీలో పుల్లీల మధ్య బెల్టు ఉంటుంది. డీసీటీలో రెండు క్లచ్‌లు వంతులవారీగా పనిచేస్తాయి.

సన్ గేరు, ప్లానెట్ గేర్లు, టేబుల్ మెథడ్.. ఇవన్నీ సెమిస్టర్ పరీక్షలో మార్కుల కోసం బట్టీ పట్టినవే కదా? ఆ లెక్క బతికి ఉన్న చోటు ఇదే. ఏఎంటీ కారులో గేరు మారేటప్పుడు కాస్త కుదుపు ఆ రకానికి సహజం. అదే కుదుపు బాగా నడిచే టార్క్ కన్వర్టర్ కారులో కొత్తగా మొదలైతే అది ఒక లక్షణం. రకం తెలియకుండా జబ్బు పేరు చెప్పడం కుదరదు.

నోట్‌బుక్, మీటర్, స్కానర్

మొదటి పనిముట్టు నోట్‌బుక్. ప్రాబ్లం ఎప్పుడొస్తోంది, పొద్దున చల్లగా ఉన్నప్పుడా, ఇంజిన్ వేడెక్కాకా? ఏ గేరులో, ఏ స్పీడులో? దానికి ముందు ఏం జరిగింది, బ్యాటరీ మార్చారా, వాటర్ వాష్ చేయించారా, నీళ్లలో నడిపారా? కారు నడిపే మనిషిని కూర్చోబెట్టి ఈ ప్రశ్నలడిగి రాసుకోండి.

రెండోది మల్టీమీటర్. ఇంజిన్ ఆపి కొన్ని గంటలు వదిలేస్తే మామూలు 12 వోల్టుల బ్యాటరీ సుమారు 12.6 వోల్టులు చూపాలి. ఇంజిన్ నడుస్తుంటే చాలా కార్లలో 13.5 నుంచి 14.5 మధ్య ఉంటుంది. బ్యాటరీ నీరసిస్తే గేర్‌బాక్స్ కంప్యూటర్ తికమకపడుతుంది. గేర్‌బాక్స్ పోయిందనుకున్న కారు కొత్త బ్యాటరీతో దారిలో పడటం మెకానిక్‌లకు కొత్త కాదు.

మూడోది ఓబీడీ స్కానర్. స్టీరింగ్ కింద ఉండే సాకెట్లో గుచ్చే బ్లూటూత్ అడాప్టర్ వెయ్యి రూపాయల లోపే దొరుకుతుంది. ఫోన్‌లో యాప్ చాలు. ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. ‘పీ0700’ అని కోడ్ రాగానే గేర్‌బాక్స్ పోయిందని తేల్చేస్తారు. ఆ కోడ్‌కు అర్థం అది కాదు. ‘గేర్‌బాక్స్ కంట్రోలర్ ఏదో లోపం గుర్తించింది, దాన్నే అడుగు’ అని మాత్రమే. అసలు కోడ్ ఆ కంట్రోలర్లో ఉంటుంది. చౌక అడాప్టర్, యాప్ కొన్ని కార్లలో అక్కడిదాకా వెళ్లలేవు. ఇంకోటి, రాసుకోకుండా కోడ్‌లు చెరిపేయకండి. లోపం వచ్చిన క్షణంలో కారు దాచుకున్న వివరాలు కూడా వాటితో పాటే పోతాయి.

ఎస్టిమేట్ ముందు నిలబడాలంటే

మా మేనమామ ఖమ్మంలో చిన్న వ్యాపారం చేస్తారు. సెకండ్ హ్యాండ్‌లో టార్క్ కన్వర్టర్ కారు కొన్నారు. ఒక రోజు అది మూడో గేరులోనే ఇరుక్కుపోయింది. ఒక వర్క్‌షాప్ వాళ్లు గేర్‌బాక్స్ దించాలని లక్షా ఇరవై వేలకు ఎస్టిమేట్ రాసిచ్చారు. నేను ఫోన్‌లో అడిగిన మొదటి ప్రశ్న, ‘‘అంతకుముందు ఏం చేయించారు మావయ్యా?’’ అని. రెండు రోజుల ముందు ఇంజిన్ వాష్ చేయించారట. నా అడాప్టర్‌కు పీ0700 ఒక్కటే కనబడింది. పెద్ద స్కానర్ ఉన్న ఇంకో మెకానిక్ దగ్గరికి తీసుకెళితే పీ0715 వచ్చింది. అంటే ఇన్‌పుట్ స్పీడ్ సెన్సర్ సర్క్యూట్లో లోపం. కనెక్టర్ ఊడదీస్తే లోపల తడి, పిన్నుల మీద పచ్చటి తుప్పు. శుభ్రం చేసి బిగించారు. కోడ్ మళ్లీ రాలేదు.

దీన్నిబట్టి మెకానిక్‌లంతా మోసగాళ్లని నేననను. ఆయిల్ మాడు వాసన కొట్టి, అందులో లోహపు ముక్కలు కనబడి ఉంటే ఆ ఎస్టిమేటే నిజమయ్యేది. విషయమేంటంటే, కారణం అడగగలిగే మనిషి ఇంట్లో లేకపోతే లక్ష రూపాయల నిర్ణయం గుడ్డిగా జరిగిపోతుంది.

ఇంట్లో తేలేవి ఇంకొన్ని ఉన్నాయి. గేరు లివర్ ‘పి’లోంచి కదలకపోతే బ్రేక్ తొక్కినప్పుడు వెనక లైట్లు వెలుగుతున్నాయా చూడండి. వెలగకపోతే ఫ్యూజో, బ్రేక్ స్విచ్చో కారణం కావచ్చు. ‘డి’ నుంచి ‘ఆర్’కు మార్చేటప్పుడు దబ్‌మని శబ్దమొస్తే ఇంజిన్ మౌంట్లు పగిలాయేమో చూడండి. ఇంజిన్ రొద పెరిగినా స్పీడు పెరగకపోతే మాత్రం క్లచ్ జారుతోందని అనుమానించాలి. అది వర్క్‌షాప్ పని.

గీత ఎక్కడ గీయాలి?

జాకీ ఒక్కటే ఆధారంగా ఉన్న కారు కిందకు దూరకండి. స్టాండ్లు లేకపోతే ఆ పని మీది కాదు. వారంటీ ఉంటే దేన్నీ ముట్టుకోకుండా సర్వీస్ సెంటర్‌కే వెళ్లండి. ఆయిల్ విషయంలో సొంత తెలివి వద్దు. సీవీటీ ఆయిల్ వేరు, టార్క్ కన్వర్టర్ ఆయిల్ వేరు. ఒకటి బదులు ఇంకోటి పోస్తే బాగున్న గేర్‌బాక్స్ కూడా పాడవుతుంది. చాలా కొత్త కార్లకు డిప్‌స్టిక్ ఉండదు. కారును సమంగా నిలిపి, ఇంజిన్ నడుపుతూ, ఆయిల్ చెప్పిన వేడిలో ఉన్నప్పుడే లెవెల్ చూడాలి. అది లిఫ్ట్ మీద చేసే పని. వాల్వ్ బాడీ విప్పితే రాలే చిన్న చిన్న బాల్స్, స్ప్రింగుల్ని మళ్లీ వాటి చోట్లలో పెట్టడం మన వల్ల కాదు. ఎక్కడ ఆగాలో తెలియడం కూడా ఇంజినీరింగే.

ఉద్యోగానికి ఇదెలా?

‘మాకు కారే లేదు’ అంటారా? పక్కింటి క్యాబ్ డ్రైవర్ అన్నను అడగండి. ఆయనకు కారు ఒక్కరోజు ఆగితే ఆ రోజు సంపాదన లేనట్టే, కాబట్టి లక్షణాలు పూసగుచ్చినట్టు చెబుతారు. కారు దొరక్కపోతే బైకయినా పర్లేదు. పద్ధతి ఒకటే.

చూసిన ప్రతి లోపానికీ ఒక పేజీ రిపోర్ట్ రాయండి. లక్షణం, అనుమానించిన కారణాలు, చేసిన పరీక్ష, వచ్చిన ఫలితం, తీసుకున్న నిర్ణయం. అలాంటివి నాలుగుంటే ఇంటర్వ్యూలో ‘మీ ప్రాజెక్ట్ ఏంటి’ అన్నప్పుడు డబ్బులిచ్చి కొన్న ప్రాజెక్ట్ రిపోర్ట్ గురించి తడబడక్కర్లేదు. ఇది మెకానికల్ వాళ్లకే పరిమితం కాదు. గేర్‌బాక్స్ కంట్రోలర్ ఇంజిన్ కంప్యూటర్‌తో మాట్లాడేది క్యాన్ బస్ మీద. అది ఈసీఈ, సీఎస్ఈ వాళ్ల ఇలాకా. గేర్‌బాక్స్‌లు తయారుచేసే జెడ్‌ఎఫ్‌కూ, హ్యుందాయ్‌కూ హైదరాబాద్‌లో ఇంజినీరింగ్ కేంద్రాలున్నాయి. కియా కార్ల ఫ్యాక్టరీ పెనుకొండ దగ్గరుంది. చదువయ్యాక షాప్‌ఫ్లోర్ అనుభవం కావాలంటే నాట్స్ పోర్టల్‌లో గ్రాడ్యుయేట్ అప్రెంటిస్‌షిప్‌లకు అప్లై చెయ్యొచ్చు. స్టైపెండ్ తక్కువే, కానీ చేతికి గ్రీజు అంటుతుంది.

కాలేజీ ల్యాబ్‌లో సగానికి కోసి రంగులేసిన గేర్‌బాక్స్ ఒకటి ఉండే ఉంటుంది. రికార్డులో దాని బొమ్మ అందరం ఎక్కించాం. ఈసారి ల్యాబ్‌కెళ్లినప్పుడు సార్‌ను ఒక్క ప్రశ్న అడగండి, ‘‘ఇది పాడైతే మొదట ఏం కనబడుతుంది సార్?’’ అని. ఆయన చెప్పింది నోట్‌బుక్ మొదటి పేజీలో రాసుకోండి.