మైదానంలో ఉపాధ్యాయుడు

వార్షికోత్సవం రోజున మన కాలేజీల్లో బహుమతి ప్రదానం ఎలా జరుగుతుందో అందరికీ తెలిసిందే. ముఖ్య అతిథిగారు కప్పు అందిస్తారు. కెప్టెన్ అందుకుంటాడు. హాలంతా ఈలలు, చప్పట్లు. ఆ తరువాత గ్రూపు ఫోటో. ప్రిన్సిపాల్ గారు మధ్యన, యూనియన్ ప్రెసిడెంటూ కార్యదర్శీ ఆయనకు చెరో పక్కన, కప్పు ముందు బల్ల మీద. వరసలో ఎక్కడో చివరన, మెడలో విజిలుతో ఒకాయన నిలబడి ఉంటాడు. ఆయనే మన ఫిజికల్ డైరెక్టరు. కాలేజీలో "పి.డి. సారు" అంటాం. మా పగిడ్యాల వైపు బడుల్లోనైతే "డ్రిల్లు అయ్యోరు" అనేవాళ్ళం.

ఈయన చేసే పని ఏమిటని అడిగితే మనలో ఎంతమంది సరిగా చెప్పగలరు? స్వాతంత్ర్య దినోత్సవం నాడు మార్చ్‌పాస్ట్ చేయించడం, యూనియన్ ఎన్నికలప్పుడు క్యూలు సరిచేయడం, సభల్లో అల్లరి మూకను అదుపులో పెట్టడం. ఇంతేనా? కాదని నా అభిప్రాయం. ఆయన కూడా ఇంగ్లీషు లెక్చరర్‌లాగా, కెమిస్ట్రీ లెక్చరర్‌లాగా ఒక ఉపాధ్యాయుడే. ఆయన పాఠం ఒక టరములో పూర్తయ్యేది కాదు. కళాశాలలో ఆటలు బాగుపడాలంటే బంతులూ నెట్లూ కొనడంకంటే ముందు చేయవలసిన పని, ఒక మంచి గురువును తెచ్చి, ఆయనను ఒకే మైదానంలో చాలా ఏళ్ళపాటు ఉండనివ్వడం. ఈ మాట గాలిలోంచి తీసి చెప్పడం లేదు. చరిత్రలో దాఖలాలున్నాయి.

మన దేశంలో వ్యాయామ ఉపాధ్యాయుడనే వృత్తికి గట్టి పునాది పడింది మద్రాసులో. హ్యారీ క్రో బక్ అనే అమెరికన్ 1919లో అక్కడికి వచ్చి, 1920లో వై.ఎం.సి.ఎ. తరఫున వ్యాయామ విద్యకు ఒక శిక్షణ సంస్థ పెట్టాడు. 1924లో పారిస్ ఒలింపిక్స్‌కు వెళ్ళిన భారత జట్టు వెంట కూడా వెళ్ళాడు. ఆ రోజుల్లో మన జిల్లాలన్నీ మద్రాసు రాష్ట్రంలోనివే కదా! ఆటను కాలక్షేపంగా కాక పాఠంగా చెప్పాలన్న ఆలోచన మన బడులకూ కాలేజీలకూ చేరిన దారుల్లో అది ముఖ్యమైనది. బక్ 1943లో చనిపోయేదాకా, అంటే ఇరవై ఏళ్ళకు పైగా, ఆ పనినే అంటిపెట్టుకుని ఉన్నాడు.

ఆయన పుట్టిన దేశంలోనే ఇంకొక ఉదాహరణ ఉంది. బేస్‌బాల్ అనే ఆట మనకు అంతగా పరిచయం లేదు. మన బిళ్ళంగోడుకూ క్రికెట్టుకూ నడుమ ఉండే ఆట అనుకోండి. బంతిని కర్రతో కొట్టి, నాలుగు మూలల్లోని నాలుగు గుర్తులనూ తాకుతూ తిరిగి మొదటిచోటికి వస్తే ఒక పరుగు. లాస్ ఏంజలిస్‌లోని సదరన్ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో రాడ్ డేడో అనే ఆయన ఈ ఆటకు కోచ్‌గా పనిచేశాడు. రెండవ ప్రపంచ యుద్ధంలో అసలు కోచ్ నౌకాదళానికి వెళ్ళిపోతే 1942లో ఆ బాధ్యత ఈయన నెత్తిన పడింది. దింపుకున్నది 1986లో! నలభై ఐదు సీజన్లు, ఒకటే కళాశాల, ఒకటే ఆట. ఆ కాలంలో జాతీయ కళాశాలల చాంపియన్‌షిప్పు పదకొండుసార్లు గెలిచారు. అందులో 1970 నుంచి 1974 వరకు వరసగా ఐదేళ్ళు. ఆయనకు సొంత లారీల వ్యాపారం ఉంది. అందుచేత కోచ్‌గా జీతం పేరుకు ఏడాదికి ఒక డాలరే పుచ్చుకునేవాడని ప్రసిద్ధి. టామ్ సీవర్ వంటి మేటి ఆటగాళ్ళు ఆయన చేతికింద తయారయ్యారు.

"అది అమెరికా నాయనా, డబ్బున్న దేశం. మనకెక్కడ కుదురుతుంది?" అంటారని తెలుసు. సరే, ఆ దేశాన్ని పక్కన పెడదాం. మన హైదరాబాదుకే వద్దాం.

సయ్యద్ అబ్దుల్ రహీం 1909లో హైదరాబాదులో పుట్టాడు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదువుతూ అక్కడి ఫుట్‌బాల్ జట్టులో ఆడాడు. వ్యాయామ విద్యలో డిప్లొమా చేశాడు. కాచిగూడ, చాదర్‌ఘాట్ వంటి చోట్ల బడుల్లో పంతులు ఉద్యోగం చేశాడు. బడిపంతులు జీతం ఎంతో, గౌరవం ఎంతో మీకు వేరే చెప్పనక్కరలేదు. అటువంటి మనిషి 1943లో హైదరాబాదు ఫుట్‌బాల్ అసోసియేషన్ కార్యదర్శి అయ్యాడు. 1963లో కన్నుమూసేదాకా ఆ పని వదలలేదు. ఆయన శిక్షణలో హైదరాబాదు సిటీ పోలీసు జట్టు బొంబాయి రోవర్స్ కప్పును 1950 నుంచి 1954 వరకు వరసగా ఐదుసార్లు ఎగరేసుకొచ్చింది. కలకత్తా జట్లు రాజ్యమేలుతున్న రోజులవి. లాస్ ఏంజలిస్‌లోనూ వరసగా ఐదే, మన హైదరాబాదులోనూ వరసగా ఐదే. డబ్బున్న దేశానికీ లేని దేశానికీ తేడా ఇక్కడ కనిపించడం లేదు కదూ?

రహీం చెప్పిన పాఠం చాలా సాదాగా ఉండేది. బంతిని కాలి దగ్గర దాచుకుని ఒక్కడే నలుగురిని తప్పించుకుపోతే జనం చప్పట్లు కొడతారు. ఆయనకు మాత్రం అది నచ్చేది కాదు. వచ్చిన బంతిని వచ్చినట్టే పక్కవాడికి అందించాలి. ఎడమకాలు బలహీనమైనవాడు ఎడమకాలితోనే ఆడి నేర్చుకోవాలి. ఇందుకోసం కుర్రవాళ్ళకు బలంలేని కాలితోనే ఆడే పోటీలు పెట్టేవాడు. ఇట్లాంటి సాధన పది రోజుల క్యాంపులో పట్టుబడుతుందా? ఏళ్ళు పడుతుంది. ఆ ఏళ్ళు రహీంకు హైదరాబాదు మైదానం ఇచ్చింది.

ఇంకొక సంగతి చూడండి. 1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లో మనవాళ్ళు యుగోస్లావియా చేతిలో 10-1 తేడాతో చిత్తుగా ఓడారు. చాలామంది బూట్లు లేకుండా వట్టి కాళ్ళతో ఆడారు. ఆ జట్టు కోచ్ రహీమే. మన కాలేజీలో ఎవరైనా అట్లా ఓడితే మరుసటి సంవత్సరం ఆయన మొహం చూస్తామా? కాని నాలుగేళ్ళ తరువాత 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌కు అదే రహీంను పంపారు. ఆస్ట్రేలియాను వాళ్ళ గడ్డ మీదే 4-2తో ఓడించి సెమీఫైనల్ చేరారు. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో ఆసియా జట్టు సెమీఫైనల్ చేరడం అదే మొదలు. చివరికి నాలుగో స్థానం దక్కింది. సికింద్రాబాదు పక్కన అమ్ముగూడలో పుట్టిన పేదింటి కుర్రవాడు తులసీదాస్ బలరాం కూడా ఆ జట్టులో ఉన్నాడు.

1962లో జకార్తాలో ఆసియా క్రీడలు. అప్పటికే రహీంను కేన్సరు పీడిస్తున్నది. మొదటి ఆటలోనే దక్షిణ కొరియా చేతిలో 2-0తో ఓటమి. తరువాత డిఫెండరు జర్నైల్ సింగుకు తలకు దెబ్బ తగిలి కుట్లు పడ్డాయి. వెనక నిలబడి తలతో బంతులు ఆపే స్థితిలో లేడు. కాలేజీ రోజుల్లో జర్నైల్ ముందు వరసలో ఆడినవాడని రహీంకు తెలుసు. అతన్ని సెంటర్ ఫార్వర్డుగా దింపాడు. సెమీఫైనల్లో ఒక గోలు, ఫైనల్లో ఒక గోలు జర్నైల్ కొట్టాడు. జనమంతా మనకు వ్యతిరేకంగా కేకలు వేస్తున్న స్టేడియంలో, మొదట ఓడించిన కొరియానే 2-1తో ఓడించి బంగారు పతకం తెచ్చారు. కుర్రవాడు కాలేజీలో ఏ స్థానంలో ఆడాడో కూడా జ్ఞాపకం పెట్టుకునే కోచ్ దొరకడం ఆటగాడి అదృష్టం. అటువంటి జ్ఞాపకం మనిషిని దగ్గరగా, ఓపికగా చూసినప్పుడే వస్తుంది.

1963 జూన్ 11న రహీం పోయాడు. ఆ తరువాత ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మనకు మళ్ళీ బంగారం రాలేదు. ఆయన తీసుకెళ్ళిన 1960 రోమ్ తరువాత మన ఫుట్‌బాల్ జట్టు ఒలింపిక్స్‌లోనే అడుగు పెట్టలేదు. కోచ్‌లకిచ్చే ద్రోణాచార్య పురస్కారం మొదలైందే 1985లో. ఆయన కథ హిందీలో "మైదాన్" అనే సినిమాగా వచ్చింది 2024లో. మన గురుభక్తి ఇట్లా ఉంటుంది. మనిషి పోయి అరవై ఏళ్ళు దాటాక టిక్కెట్టు కొని చప్పట్లు కొడతాం.

ఇక మన సంగతి. మా పగిడ్యాల, ముచ్చుమర్రి, నందికొట్కూరు పక్క కుర్రవాళ్ళలో సత్తువకు కొరత లేదు. పొలం పనిలో రాటుదేలిన ఒళ్ళు. కబడ్డీ, వాలీబాల్ పండగ పోటీల్లో వాళ్ళ ఆట చూస్తే ముచ్చటేస్తుంది. కాలేజీకి వచ్చాక వాళ్ళకు కావలసింది ఆ సత్తువకు ఒక తీరు నేర్పే మనిషి. నేను చదివిన ఒక కాలేజీలో మూడేళ్ళలో ముగ్గురు పి.డి.లు మారారు. ఒక ఏడాది పార్ట్‌టైము, ఒక ఏడాది ఖాళీ, ఇంకొక ఏడాది ఇన్‌ఛార్జి. వచ్చినాయన కుర్రవాళ్ళ పేర్లు నేర్చుకునేలోగా బదిలీ. ఇంటర్ కాలేజియేట్ పోటీలు పది రోజులున్నాయనగా ప్రాక్టీసు మొదలు. ఓడి వస్తే "మనోళ్ళకు చేతకాదులే" అన్న తీర్పు.

మా వైపు తిరునాళ్ళలో ఎద్దుల బండలాగుడు పోటీలు చూసే ఉంటారు. పోటీ ఎద్దులను పెంచే రైతు వాటిని సాకే మనిషిని ఏటేటా మారుస్తాడా? ఏ ఎద్దు ఏ పక్క కట్టాలి, దేనికి ఏ మేత పడుతుంది, ఏది అదిలింపుకు కదులుతుంది, ఏది బుజ్జగింపుకు కదులుతుంది అన్నది ఆ మనిషికే తెలుసు. ఎద్దుల విషయంలో ఉన్న తెలివి పిల్లల విషయంలో ఎందుకు లేకపోయింది?

ఒకచోట పాతుకుపోయినవాళ్ళంతా రహీంలు కాలేరన్నది నిజమే. ఇరవై ఏళ్ళు ఒకే కుర్చీలో కూర్చుని విజిలు కూడా ఊదనివాళ్ళు ఉండవచ్చు. ఆడపిల్లలు గ్రౌండుకు వస్తామంటే "మీకెందుకమ్మా" అనేవాళ్ళూ ఉండవచ్చు. అందుకే పని చూడాలి, లెక్క అడగాలి. కాని అడగవలసిన లెక్క కప్పులది ఒక్కటే కాదు. ఈ ఏడాది కొత్తగా ఎంతమంది మైదానంలోకి వచ్చారు, అందులో ఆడపిల్లలెందరు, నిరుడు బంతి పట్టడం రానివాడు ఇప్పుడేం చేయగలడు అని అడగాలి. 2020 జాతీయ విద్యా విధానం చదువుకూ ఆటపాటలకూ మధ్య గట్టి గోడ ఉండరాదని చెప్పింది. కాగితం మీది మాట గ్రౌండుకు రావాలంటే అక్కడ మనిషి ఉండాలి.

కాబట్టి పెద్దలకు నా మనవి ఇది. పి.డి. పోస్టు ఖాళీ పడితే ఫిజిక్సు పోస్టు ఖాళీ పడినట్టే భావించి వెంటనే భర్తీ చేయించండి. వచ్చినవారిని కనీసం ఐదేళ్ళు కదిలించకండి. సాయంత్రం ఒక గంట ఆటకని కేటాయించి, ఆ గంటలో స్పెషల్ క్లాసులు పెట్టకండి. లెక్చరర్లు వారానికొకసారి అయినా గ్రౌండుకు వచ్చి నిలబడితే పిల్లలకు ఎంతో ఉత్సాహం.

యూనియన్ మిత్రులకూ ఒక మాట. గేమ్స్ ఫీజు అందరం కడుతున్నాం. అది ఎక్కడికి పోతున్నదో అడిగే హక్కు మనదే, అడగవలసిన బాధ్యతా మనదే. వార్షికోత్సవం మైకులకూ పందిళ్ళకూ చూపే శ్రద్ధలో సగమైనా గ్రౌండు చదును చేయించడానికి చూపితే బాగుంటుంది. ఇకనుంచి ప్రతి సంచికలోనూ ఆ ఏడాది శిక్షణ ఇచ్చిన వారి పేరు, వారు ఇక్కడ ఎన్నేళ్ళుగా పనిచేస్తున్నదీ అచ్చు వేయండి. పేరు మారకుండా ఆ అంకె ఏటేటా ఒకటి చొప్పున పెరుగుతూ పోతే, మన కళాశాల ఆటల్లో సరైన దారిన పడిందని పాత విద్యార్థులు ఎక్కడున్నా తెలుసుకుంటారు.