అందరూ ఉన్నారు, నువ్వేడి?

ప్రతి ఉగాది సంచికలోనూ ఈ పేజీ నాకు వదిలేస్తున్నారు గనుక, కళ్ళ గురించి ఏదో ఒకటి వ్రాస్తూ వస్తున్నాను. ఈసారీ కంటి సంగతే. కాకపోతే అది కెమేరా కన్ను.

గుదైబియాలో మా బిల్డింగులోనే, మాకు రెండంతస్తుల క్రింద, క్రొత్తగా వచ్చిన ఇంజనీరు దంపతులున్నారు. వాళ్ళ పాప ఈ ఉగాదికి మొదటిసారి స్టేజి ఎక్కుతోంది. క్రిందటి నెల ఒక శుక్రవారం ఇద్దరూ పైకి వచ్చి, "డాక్టరు గారూ, మీ దగ్గర పాత కెమేరాలు రెండున్నాయట కదా, మాకొక సలహా కావాలి" అన్నారు. ఫోనుతో ఇంట్లో తీస్తే బాగానే ఉంటోందిట. రిహార్సల్ రోజున హాలు వెనకనుంచి జూమ్ చేసి తీస్తే మాత్రం పాప మొహం అలికేసినట్టు వచ్చిందిట. అబ్బాయి ఎస్ఎల్ఆర్ కొందామంటాడు. అమ్మాయి చేతిసంచిలో పట్టే కాంపాక్టు చాలంటుంది. ఆ చిన్న కెమేరాలు ఇప్పుడు కుర్రకారులో మళ్ళీ ఫేషనట!

సరిగ్గా ఇదే తగువు మా ఇంట్లో 2007లో జరిగింది.

మేము బహ్రెయిన్ వచ్చింది 2005లో. మరుసటేడు మా శ్రీమతి పోరు పడలేక ఒక కాంపాక్టు కొన్నాను. సబ్బుబిళ్ళంత ఉండేది, ఆరు మెగాపిక్సెళ్ళు. 2007 ఉగాదికి మా అమ్మాయి, అప్పటికి నాలుగేళ్ళది, డాన్సు చేసింది. నేను మీట నొక్కుతాను, కెమేరా కాస్త ఆలోచించుకుంటుంది, ఈలోగా పిల్ల తిరిగిపోతుంది. ముప్ఫై ఫోటోలు తీస్తే పన్నెండింట్లో జడ ఉంది, మిగతావాటిలో ఎవరి పిల్లలో ఉన్నారు.

అందులో కెమేరా తప్పు కూడా పెద్దగా లేదు. కాంపాక్టుకు దూరం తెలియదు. లెన్సును ముందుకీ వెనక్కీ జరిపి చూసుకుని, బొమ్మ ఎక్కడ తేటపడితే అక్కడ ఆగుతుంది, చీకట్లో తాళంచెవికి కన్నం వెతుక్కున్నట్టు. ఎస్ఎల్ఆర్‌లో ఇందుకు వేరే ఏర్పాటుంది. లెన్సును ఎటు జరపాలో, ఎంత జరపాలో దానికి ఒక్క చూపులో తెలిసిపోతుంది. (కాంపాక్టు వాడేవారికి ఒక చిట్కా: మీటను సగం నొక్కి ఉంచండి. వెతుకులాట అప్పుడే అయిపోతుంది. పిల్ల మీకు కావలసిన భంగిమలోకి రాగానే మిగతా సగం నొక్కండి. నాకీ సంగతి డాన్సు అయిపోయాక తెలిసింది.)

అంతే, పట్టుబట్టి ఎస్ఎల్ఆర్ కొన్నాను. నికాన్ డి40. అమెరికాలో లెన్సుతో సహా 600 డాలర్లకు విడుదలైంది, మన లెక్కలో 225 దినార్ల మాట. "ఉన్నదీ ఆరు మెగాపిక్సెళ్ళే, ఇదీ ఆరే. అంత డబ్బు ఎందుకు పోసినట్టు?" అంది మా శ్రీమతి. న్యాయమైన ప్రశ్న. మెగాపిక్సెళ్ళు అంటే వానలో పెట్టిన గిన్నెల లెక్క. గిన్నె ఎంతదో ఆ లెక్కలో ఉండదు. కాంపాక్టు లోపల వెలుతురు పట్టే రేకు సుమారు 6 మిల్లీమీటర్లు పొడవు, 4 వెడల్పు. డి40లో 24 పొడవు, 16 వెడల్పు. వైశాల్యంలో పదిహేను రెట్లు! అన్నే గిన్నెలు, కానీ అక్కడ ఉగ్గుగిన్నెలు, ఇక్కడ గంగాళాలు. మిట్టమధ్యాహ్నం బహ్రెయిన్ ఎండలో రెండూ నిండుతాయి, తేడా కనిపించదు. పసుపుపచ్చ దీపాల హాల్లో ఉగ్గుగిన్నెలో చుక్క పడితే పడింది, లేకపోతే లేదు. ఆ లోటే ఫోటోలో ఇసుక చల్లినట్టు కనబడుతుంది.

2009లో దీనికి 35 మిల్లీమీటర్ల లెన్సు ఒకటి వచ్చింది, ఎఫ్ 1.8ది. కెమేరాతో వచ్చే మామూలు లెన్సును బాగా జూమ్ చేసినప్పుడు లోపలికి వచ్చే వెలుతురు కంటే ఇందులో దాదాపు పది రెట్లు వస్తుంది. ఫ్లాష్ అక్కరలేకుండానే స్టేజి రంగులు స్టేజి రంగుల్లాగే పడ్డాయి. ఆ ఏడాదినుంచి మన ఉత్సవాలకు నేను అనధికార ఫోటోగ్రాఫర్నయ్యాను. అందరి పిల్లలకూ తీశాను. ఈ సంచికలోనే పాత ఫోటోల్లో నావి కొన్ని ఉండే ఉంటాయి. మెడ నొప్పి కూడా నాదే.

ఫోటోలు ప్రింటు వేయించి, ఊరికి వెళ్ళేవాళ్ళెవరైనా ఉంటే వాళ్ళ చేత తెనాలిలో మా అమ్మకు పంపేవాణ్ణి. రెండేళ్ళకొకసారి గానీ సెలవు దొరకని రోజులు. వాట్సాప్ లేదు. ఒకసారి నలభై ఫోటోలు పంపాను. నాలుగు రోజుల తరువాత ఫోను చేశాను, మెచ్చుకుంటుందని.

"చాలా బాగున్నాయిరా. పిల్ల ఎంత పొడుగైందో! కోడలి చీర కూడా బాగుంది. అందరూ ఉన్నారు, నువ్వేడి?"

ఫోను పెట్టేసి కంప్యూటరు ముందు కూర్చుని వెతికాను. ఎస్ఎల్ఆర్ కొన్నప్పటినుంచీ వందల ఫోటోలు. నేను ఒక్కదానిలోనూ లేను. ఒకచోట మా అమ్మాయి నల్లకళ్ళద్దాల్లో మాత్రం ఇంత నీడలా ఉన్నాను. అవునుమరి, ఆ కెమేరా నేను ఎవరి చేతికిచ్చాను గనుక? ఇచ్చినా, అన్ని మీటలు చూసి, "మాకు రాదండీ, మీరే తీయండి" అనేవారు. మా శ్రీమతికి నేర్పలేదు. ఆమె అడగలేదనేవాణ్ణి. "నేను అడిగితే కదా మీరు 'జాగ్రత్త, జాగ్రత్త' అనేది" అంది ఆవిడ.

మా చిన్నప్పుడు ఊళ్ళో స్టూడియోకి వెళ్ళి తీయించుకున్న ఫోటో ఒకటుంది. మధ్యలో కుర్చీలో మా నాన్నగారు, ప్రక్కన అమ్మ, చుట్టూ మేము. ఫోటోగ్రాఫరు వేరే మనిషి గనుక ఇంటిపెద్ద ఫోటోలో ఉండేవాడు. ఆ ఉద్యోగం కూడా ఇంటిపెద్దే తీసుకున్నాక, పెద్ద కుర్చీ ఖాళీ అయిపోయింది.

అప్పుడు డ్రాయరు అడుగునుంచి సబ్బుబిళ్ళను బయటకు తీశాం. ఆ సాయంత్రమే అందలూస్ గార్డెనుకు వెళ్ళాం. తోటలో పనిచేసే బంగ్లాదేశ్ కుర్రవాడొకడు నవ్వుతూ చేతులు తుడుచుకుని అందుకున్నాడు. వాడికి ఏమీ చెప్పనక్కరలేకపోయింది. ఫోటో ఒక ప్రక్కకు ఒరిగింది, మా కాళ్ళు తెగిపోయాయి, చీకటిపడే వేళ గనుక ఫ్లాష్ వెలిగి ముగ్గురి కళ్ళూ ఎర్రగా పడ్డాయి. కంటి డాక్టరు ఇంట్లో ఫోటో అది! అయినా ముగ్గురం ఉన్నాం. ఆ ఒక్కటే ప్రింటు వేయించి పంపాను.

ఎరుపు ఎందుకంటే, కాంపాక్టులో ఫ్లాష్ లెన్సును ఆనుకునే ఉంటుంది. మసక వెలుతురులో కంటిపాప పెద్దదై ఉన్నప్పుడు, ఆ వెలుగు లోపలి రక్తనాళాల పొరమీద పడి, వచ్చిన దారినే తిరిగి లెన్సులోకి వస్తుంది. ఎస్ఎల్ఆర్‌లో ఫ్లాష్ పైకి లేస్తుంది గనుక ఈ గొడవ తక్కువ. క్లినిక్కులో మేము కావాలని వెతికేది ఆ ఎరుపునే. ఇక్కడ తల్లిదండ్రులకొక మాట. పిల్లల ఫోటోల్లో ఒక కన్ను ఎర్రగా పడి రెండోది పదే పదే తెల్లగా మెరుస్తుంటే కెమేరాను తిట్టుకోకండి, వెంటనే కంటి డాక్టరుకు చూపించండి. చాలాసార్లు ఏమీ ఉండదు. కానీ పసిపిల్లల కంటిలో వచ్చే కేన్సరు తొలిసారి బయటపడేది కొన్నిసార్లు ఇలాగే.

మా క్రింది ఇంటివాళ్ళకు చెప్పింది ఇది. కేనన్, నికాన్ రెండూ 2018లో అద్దం లేని క్రొత్త రకం కెమేరాలవైపు మళ్ళాయి. అందుచేత పాత ఎస్ఎల్ఆర్‌లు సెకండ్‌హేండులో చవగ్గా దొరుకుతున్నాయి. స్టేజి ఫోటోలే ముఖ్యమైతే అదే కొనండి, వెలుతురు బాగా పట్టే లెన్సుతో, హాల్లో ముందు వరుసలో కూర్చునే ఓపికతో. పాత కాంపాక్టు కొంటే ఎస్‌డి కార్డు పట్టేదే చూసుకోండి. ఎక్స్‌డి కార్డులు ఇప్పుడు తయారవడం లేదు. మరీ పాతవి 2 జీబీ దాటిన కార్డును తీసుకోవు. ఆగస్టులో ఏసీ ఇంట్లోంచి వీధిలోకి తీసుకెళ్ళేటప్పుడు ఏ కెమేరానైనా ప్లాస్టిక్ సంచిలో మూతి బిగించి ఉంచి, వేడెక్కాక తీయండి. లేకపోతే లెన్సంతా చెమటే. అన్నిటికంటే, ఎస్ఎల్ఆర్ అయితే చక్రాన్ని ఆటోలో పెట్టి, కోల్డ్ స్టోర్ కుర్రవాడికైనా సరే చేతికివ్వండి. పడేస్తాడేమోనని భయపడే కెమేరా కొనకండి. వాళ్ళు ఎస్ఎల్ఆరే కొన్నారు. పాప డాన్సు రోజున మాత్రం వాళ్ళాయన స్టేజి ముందు కూర్చునేట్టు, కెమేరా నేను పట్టుకునేట్టు ఒప్పందం.

తెనాలికి పంపిన ఆ ఒరిగిన ఫోటోను మా అమ్మ భాగవతం పుస్తకంలో పెట్టుకుంది. 2011లో సెలవుకు వెళ్ళినప్పుడు గుంటూరులో నా సహాధ్యాయి దగ్గర ఆమెకు శుక్లాల ఆపరేషన్ చేయించాను. కట్టు విప్పిన కొన్నాళ్ళకు, ఒక ఉదయం ఆ ఫోటో తీసి కిటికీ దగ్గర చాలాసేపు చూసింది.

"ఒరేయ్, నీ కళ్ళు ఇంత ఎర్రగా ఉన్నాయేమిట్రా? అక్కడ నిద్ర పోవడం లేదా?"

నేను ఫ్లాష్ గురించి, కంటిపాప గురించి, వెనకనున్న పొర గురించి అంతా విడమర్చి చెప్పాను. శ్రద్ధగా విన్నది.

"అదంతా సరేలే. పెందరాళే పడుకో" అంది.