కార్జం మీది నీటి బుగ్గను కుక్కకు వేయొద్దు

పోయిన శుక్రవారం మా క్యాంపుల అందరం పైసలు వేసుకొని ఒక యాటను కోసుకున్నం. కార్జం మీద రెండు తెల్లటి నీటి బుగ్గలు కనబడ్డయి. ఆ ముక్క పక్కకు తీసి గేటు కాడి కుక్కకు వేయబోయినం. మా రూమ్ తమ్ముడు ఒకడు ఉరికొచ్చి చెయ్యి పట్టుకున్నడు.

ఆ తమ్ముడు సైటు పనికి రాకముందు నాలుగేండ్లు ఎడారిల గొర్లు కాసిండు. మందతోని కుక్కలు, వాటితోనే తిండి, నిద్ర. తర్వాత కడుపుల కుడి పక్కన బరువు, నొప్పి. గ్యాస్ అనుకొని గోలీలు మింగిండు. స్కాన్ తీస్తే కార్జంల పెద్ద నీటి తిత్తి. కఫీల్ పట్టించుకోలేదు. ఇంటికి పోయి అప్పు చేసి ఆపరేషన్ చేయించుకున్నడు.

దీన్ని డాక్టర్లు హైడాటిడ్ అంటరు. కుక్క పేగుల్లో ఉండే చిన్న బద్దెపురుగు దీనికి మూలం. పొడవు కొన్ని మిల్లీమీటర్లే. దాని గుడ్లు కుక్క పెంటలో బయటికొస్తయి. ఆ గడ్డి మేసిన గొర్రెకు కార్జంల, ఊపిరితిత్తుల్లో తిత్తులు పుడతయి. ఆ తిత్తిని పచ్చిగా తిన్న కుక్కకు మళ్లీ పురుగులు. కుక్కను ముట్టిన చేతులు, కడగని ఆకుకూర, కలుషితమైన నీళ్ల ద్వారా ఆ గుడ్లు మన కడుపులకు పోతయి. తిత్తి ఏండ్ల తరబడి సప్పుడు లేకుండ పెరుగుతది. లోపల పగిలితే ప్రాణం మీదికి రావచ్చు.

మాంసం తింటే ఈ రోగం వస్తదని కొందరు భయపడుతున్నరు. అది తప్పు. మనకు వచ్చేది కుక్క పెంటలోని గుడ్ల నుంచే. అట్లని కుక్కలను కొట్టి చంపుడు ఇంకా పెద్ద తప్పు. దానికి ఆ పచ్చి కార్జం వేసింది మన చెయ్యే కదా?

న్యూజిలాండ్‌ల గొర్లు మస్తుగ ఉంటయి. అక్కడ పచ్చి కార్జం, పేగులు కుక్కలకు వేయొద్దని చట్టం పెట్టిన్రు, కుక్కలకు పురుగుల మందు వేసిన్రు. 2002 నాటికి ఆ రోగం పోయినట్టే అని ప్రకటించిన్రు. అంటే చేస్తే అయ్యే పనే.

మా మాట ఒక్కటే. నాలుగు రియాళ్లు మిగులుతయని బయట కోయకుండ సర్కారు కబేళాకు పోదాం. అక్కడ పశువుల డాక్టర్ చూస్తడు. బుగ్గలున్న ముక్కను కాల్చాలె, లేదా కుక్క తవ్వలేనంత లోతుగ పూడ్చాలె. కుక్కను ముట్టినంక, తినే ముందు సబ్బుతోని చేతులు కడగాలె.

గొర్లు కాసే మనోళ్లకు సబ్బు, నీళ్లు, కుక్కలకు ప్రాజిక్వాంటెల్ మందు ఇచ్చుడు యజమాని బాధ్యత. గొర్రె పడితే డాక్టర్‌ను పిలుస్తరు, కాపరి పడితే టికెట్ చేతిల పెడతరు. ఇది న్యాయమా?

ఊర్లల్ల కూడా దావత్‌కు యాటను కోస్తే పనికిరాని కార్జం, ఊపిరితిత్తులు కుక్కలకే పోతయి. ఈ రాత్రి ఇంటికి ఫోన్ చేసినప్పుడు పైసల ముచ్చటతోని పాటు ఈ ముచ్చట కూడా చెప్పున్రి. ఎడారిల మందలు కాసే దోస్తులుంటే వాళ్లకు తప్పకుండ పంపున్రి. కడుపుల బరువు, ఆగని దగ్గు ఉంటే గోలీలతోని సరిపెట్టుకోకుండ స్కాన్ తీయించుకోమని, కుక్కలతోని ఉన్న సంగతి డాక్టర్‌కు చెప్పమని అనున్రి.