అశ్వత్థామ ఆవేశము

ఇటీవల మన చదువుకొన్న కుటుంబములలో ద్రోణపుత్రుని యెడల ఒక క్రొత్త జాలి బయలుదేరినది. 2024వ సంవత్సరమున విడుదలయైన 'కల్కి 2898 ఏడీ' అను తెలుగు చలనచిత్రములో అమితాబ్ బచ్చన్ అశ్వత్థామ వేషమున కనబడిన పిదప ఆ జాలి మఱింత ముదిరినది. ఒకప్పుడు ఉత్తర గర్భము మీదికి అస్త్రమును పంపినవాడు అందులో ఒక గర్భవతిని కాపాడుటకు పూనుకొనును. కల్పన ముచ్చటైనదే. దానిని నేను ఆక్షేపింపను. కాని ప్రేక్షకులు ఇంటికి తెచ్చుకొనుచున్న సిద్ధాంతమును మాత్రము ఆక్షేపింపక తప్పదు. అశ్వత్థామ స్వభావముచే దుష్టుడు కాడట. తండ్రికి జరిగిన అన్యాయము భూతమై అతనిలో ప్రవేశించెనట. దానిని అణచుకొన జూచి, పాపము, అణచుకొన లేకపోయెనట. అదియునుగాక ఆ రాత్రి సాక్షాత్తు రుద్రుడే అతని శరీరమున నావేశించెనని భారతమే చెప్పుచున్నది గనుక, చేసినవాడు రుద్రుడే కాని అశ్వత్థామ కాడట!

స్త్రీవిద్యను, సంఘసంస్కారమును గూర్చి గంటలకొలది మాటలాడువారు సయితము ఈ వాదమునకు తలయూపుట చూచి నేను నివ్వెరపోయితిని. ఏలయన, ఇదే వాదమును మన యిండ్లలో మఱియొక రూపమున దినదినమును వినుచున్నాము. 'మనిషి బంగారమే, కోపమొక్కటే ఆయనతో వచ్చిన చిక్కు' అని అత్తగారు కోడలిని ఓదార్చుచున్నది. 'ఆ క్షణమున నాకు ఒళ్లు తెలియలేదు' అని చేయిచేసికొన్న భర్త మఱునాడు చెప్పుచున్నాడు. అందఱును నమ్ముచున్నారు. కొట్టినవాడు ఒకడు, మఱునాడు కాఫీ త్రాగుచు క్షమాపణ చెప్పువాడు వేఱొకడు అన్నట్లు సంసారము సాగిపోవుచున్నది.

మన భాష సయితము ఈ మోసమునకు కొంత తోడ్పడినది. పూనకమునకును కోపోద్రేకమునకును మనము ఆవేశమను నొక్క మాటనే వాడుచున్నాము. సంస్కృతమున ఆ మాటకు చొచ్చుట యని అర్థము. అనగా ఎవడో పరుడు వెలుపలినుండి వచ్చి మనలో చొచ్చెననుట. ఇంకొక వింత గమనింపుడు. ఇతరులకు బుద్ధి చెప్పునపుడు 'కోపము తెచ్చుకొనకుము' అందుము. మనకైనచో కోపము 'వచ్చును.' ఇతరులు తెచ్చుకొనునది మనకు దానంతట నదియే వచ్చునా?

అశ్వత్థామకు జరిగిన అన్యాయమును తక్కువచేసి చెప్పుట నా యుద్దేశము కాదు. అది సామాన్యమైనది కాదు. అశ్వత్థామ యను పేరుగల ఏనుగును చంపి, ఆ పేరును అడ్డుపెట్టుకొని, జన్మమున అసత్యమాడని ధర్మరాజుచేత అసత్య మాడించిరి. కొడుకు పేరే తండ్రికి మృత్యువైనది. ద్రోణుడు ఆయుధములు విడిచి యోగమున కూర్చుండగా ధృష్టద్యుమ్నుడు ఆ ముసలివాని తల నఱకెను. అర్జునుడు వలదని కేకలు వేసినను వినలేదు. ఏ కొడుకైనను దీనిని మఱవగలడా? మఱవవలెనని నేను చెప్పను. అతని దుఃఖము న్యాయమైనది. కోపము సయితము న్యాయమైనదే. నేను తగవులాడునది దాని తరువాత జరిగినదానిని గూర్చియే.

సౌప్తికపర్వమును మూలమున గాని, తిక్కన తెలుగున గాని, ఒక్కసారి వరుసతప్పకుండ చదివి చూడుడు. ఏది ముందు, ఏది వెనుక అనుటయే ఇందు ముఖ్యము. దుర్యోధనుడు తొడలు విఱిగి పడియున్నాడు. కౌరవపక్షమున మిగిలిన మువ్వురును అడవిలో మఱ్ఱిచెట్టు క్రింద చేరిరి. కృపుడును కృతవర్మయు నిద్రపోయిరి. అశ్వత్థామకు నిద్రపట్టలేదు. ఒక గుడ్లగూబ సద్దులేకుండ వచ్చి చెట్టుమీద నిద్రించుచున్న కాకులను చంపుట చూచెను. చూచి భయపడలేదు, అసహ్యపడలేదు, అందులో ఉపాయము నేర్చుకొనెను. మేనమామయైన కృపుని లేపి సంగతి చెప్పెను. కృపుడు నిద్రించువారిని చంపుట ధర్మము కాదనెను. రాత్రికి విశ్రమించి ఉదయమున యుద్ధము చేయుదమనెను. ధృతరాష్ట్రుని, గాంధారిని, విదురుని అడిగి వారు చెప్పినట్లు చేయుదమనెను. అశ్వత్థామ ప్రత్యుత్తరము వినదగినది. పూజ్యమైన బ్రాహ్మణకులమున పుట్టియు దురదృష్టముచే క్షత్రియధర్మమున పడితిననెను. తండ్రిని చంపినవారిని నిద్రలో చంపిన పాపమునకు పురుగుగా పుట్టినను, మిడుతగా పుట్టినను సరే యనెను. అనగా అది పాపమని యెఱుగును, దాని వెల యెఱుగును, చెల్లించుటకు సిద్ధపడెను. ఒళ్లు తెలియనివాని మాటలా యివి?

అంతటితో ఆగలేదు. పాండవశిబిర ద్వారమున ఒక మహాభూతము అడ్డుపడెను. వేసిన ఆయుధముల నన్నిటిని అది మ్రింగివేసెను. అప్పుడతనికి కృపుని మాట జ్ఞప్తికి వచ్చెను. హితులు చెప్పినది విననివానికి ఇట్లే యగునని తనలో తాను పశ్చాత్తాప పడెను. వెనుకకు మరలుటకు ఇంతకంటె మంచి తరుణము దొరకునా? మరలలేదు. రుద్రుని స్తుతించెను. ఎదుట వెలసిన బంగారు వేదికమీది అగ్నిలో తన్ను తానే ఆహుతి చేసికొన సిద్ధపడెను. అప్పుడు, అన్నిటికిని కడపట, రుద్రుడు ఖడ్గ మిచ్చి అతనిలో ప్రవేశించెను. ఆవేశము అతనికి వచ్చినది కాదు, పిలిపించుకొనబడినది. నిశ్చయము మఱ్ఱిచెట్టు క్రింద జరిగినది, పూనకము ద్వారము కడ జరిగినది. రెంటికిని నడుమ ఒక మేనమామ హితోపదేశము, ఒక పశ్చాత్తాపము, శిబిరము దాక నడచిన దారి యంతయు నున్నవి.

పైగా లోపలికి పోవుచు అతడు చేసిన యేర్పాటును చూడుడు. తప్పించుకొని పాఱిపోవువారిని చంపుటకు కృప కృతవర్మలను వాకిట నిలిపెను. వారు మూడు దిక్కుల నిప్పు పెట్టిరి. పూనకమున నున్నవాడు వాకిట కాపలా పెట్టునా? ధృష్టద్యుమ్నుడు శస్త్రముతోనైన చంపుమని వేడుకొనగా, వీరలోకము దక్కకుండ వలెనని కాళ్లతో త్రొక్కి చంపెను. ఏ చావు చచ్చినవాడు ఏ లోకమునకు పోవునో లెక్క చూచికొనిన కోపమది! తరువాత శిఖండియు, ద్రౌపది కొడుకులైదుగురును హతులైరి.

మన న్యాయస్థానములకు ఈ లెక్క బాగుగా తెలియును. తీవ్రముగను ఆకస్మికముగను రెచ్చగొట్టబడి, నిగ్రహము కోల్పోయి చంపినవానికి 1860 నాటి శిక్షాస్మృతి కొంత మినహాయింపు నిచ్చినది. 2024 జూలై 1 నుండి అమలులోనికి వచ్చిన భారతీయ న్యాయ సంహితయు ఆ మినహాయింపును నిలిపియుంచినది. కాని 1959వ సంవత్సరమున బొంబాయిలో నౌకాదళాధికారి నానావతి తన భార్య ప్రియుని కాల్చి చంపినప్పుడు ఏమైనది? భార్య విషయము చెప్పిన పిదప ఆమెను బిడ్డలను సినిమాకు దింపి, ఓడకు పోయి తుపాకి తీసికొని, ఆ మనిషి యింటికి పోయెను. జ్యూరీవారిలో ఎనమండుగురు నిర్దోషి యనిరి. జనులు జయజయధ్వానములు చేసిరి. 1961లో సుప్రీముకోర్టువారు గడియారము చూచిరి. ఇల్లు వదలినది మొదలు హత్యవఱకు సుమారు మూడు గంటలు గడచినవి, మనసు కుదుటపడుటకు ఆ కాలము చాలుననిరి. సానుభూతి గలవారు కన్నీరు చూతురు, న్యాయాధిపతి గడియారము చూచును. మఱ్ఱిచెట్టు కథను గడియారముతో చదివినవారు మనలో ఎందఱు?

ఒళ్లు తెలియని కోపముగల గృహస్థుని గూర్చియు నాకు ఒక్క సందేహము గలదు. ఆ కోపము కార్యాలయమున పై అధికారి పదిమందిలో చీవాట్లు పెట్టునపుడు ఏల రాదు? అక్కడ ఒళ్లు చక్కగా తెలిసియే యుండును. చేతులు కట్టుకొని 'చిత్తము' అనును. సాయంకాలము ఇంటికి వచ్చి, తలుపు గడియ వేసి, కూరలో ఉప్పు చాలలేదను నెపము దొరకిన తరువాత ఒళ్లు తెలియుట మానును. ఇంత మర్యాద తెలిసిన భూతము, ఎవరిపైకి పోవలెనో, ఎవరిపైకి పోరాదో ఇంత చక్కగ నెఱిగిన భూతము, లోకములో మఱొకటి యుండునా? నా వృత్తిలోని వారిని గూర్చియు ఇదే మాట చెప్పగలను. బడిపిల్లలను కొట్టరాదని 2009 నాటి విద్యాహక్కు చట్టము శాసించిన పిదపను కొందఱు ఉపాధ్యాయుల భూతము బెత్తమును వెదకుచునే యున్నది. తనిఖీకి వచ్చిన అధికారి యెదుట మాత్రము అది నిద్రపోవును.

తండ్రి చావుతోనే అశ్వత్థామ యిట్లయ్యెననుటయు నిజము కాదు. పాండవులు అడవిలో నున్న కాలమున అతడు ద్వారకకు పోయిన కథను శ్రీకృష్ణుడే సౌప్తికమున ధర్మరాజునకు చెప్పును. నా బ్రహ్మశిరోస్త్రము నీకిత్తును, నీ చక్రము నాకిమ్మని యడిగెను. తీసికొమ్మనగా ఎడమచేత పట్టి, కుడిచేత పట్టి, ఎంత గింజుకొన్నను కదల్పలేకపోయెను. దానితో నేమి చేయుదువని యడుగగా, నీతోనే యుద్ధము చేయుదును, అప్పుడు నన్నెవరును గెలువలేరని చెప్పెను. అప్పటికి ద్రోణుడు బ్రతికి, కురుసభలో పూజలందుచున్నాడు. ఏ అన్యాయమును జరుగలేదు. భూతము మాత్రము లోపల కాపురమున్నది.

అది యెక్కడనుండి వచ్చినది? ఆదిపర్వమునకు పోవలెను. పసివాడగు అశ్వత్థామ ధనికుల బిడ్డలు పాలు త్రాగుట చూచి ఏడ్చెను. తోటిపిల్లలు పిండి కలిపిన నీళ్లిచ్చిరి. అవి పాలే యనుకొని త్రాగి గంతులు వేయుచుండగా చుట్టును చేరి నవ్విరి. ద్రోణుడు చూచెను. భారతమున ఇంతకంటె గుండె కలచివేయు పేదఱికము నాకు కానరాలేదు. ఆ తండ్రి బిడ్డను ఒడిలోనికి తీసికొని యూరకుండిన ఎంత బాగుండెడిది! పాత స్నేహము నమ్ముకొని ద్రుపదుని కడకు పోయెను, అవమానము పొందెను. శిష్యులచేత ద్రుపదుని కట్టి తెప్పించి సగము రాజ్యము లాగికొనెను. ద్రుపదుడు ద్రోణుని చంపు కొడుకు కావలెనని యజ్ఞము చేసి ధృష్టద్యుమ్నుని కనెను. ఆ కొడుకును ఈ కొడుకు చంపెను. ఇద్దఱు తండ్రుల పగను మోయుటకు ఇద్దఱు కొడుకులు పుట్టిరి. అశ్వత్థామను పట్టిన పిశాచము శ్మశానమునుండి రాలేదు, పిండినీళ్ల గిన్నెలోనుండి వచ్చినది. దాయాదుల గట్టు తగవులను, వియ్యాలవారి మాటపట్టింపులను పిల్లలకు అన్నముతోపాటు కలిపిపెట్టు తండ్రులు తమ చేతి ముద్దను ఒకమాఱు చూచుకొందురుగాక.

ద్రోణునకు ఈ సంగతి కొంత తెలిసియే యుండవలెను. కొడుకు అడిగినప్పుడు ఆ అస్త్రమును మనసొప్పకయే యిచ్చెను. మనుష్యుల మీద ప్రయోగింపరాదని మఱిమఱి చెప్పెను, నీవు సన్మార్గమున నిలువవనియు చెప్పెను. చెప్పియు ఇచ్చెను! కడపట గంగాతీరమున గడ్డిపోచను మంత్రించి అతడును, దానికి మాఱుగా అర్జునుడును అస్త్రములు విడిచిరి. వ్యాస నారదులు నడుమ నిలిచి ఉపసంహరింపుడనగా అర్జునుడు తనదానిని మరల తీసికొనెను. అశ్వత్థామకు విడుచుటయే కాని మరల తీసికొనుట చేతకాలేదు. దానిని పాండవస్త్రీల గర్భములపైకి త్రిప్పెను. ఒకే గురువు, ఒకే అస్త్రము. శిష్యునకు నిగ్రహముతో కూడ అబ్బినది. కొడుకునకు గారాబము వలన సగమే అబ్బినది. 3000 ఏండ్లు తోడులేక తిరుగుమని కృష్ణుడు శపించెను. చిరంజీవుల పట్టికలో మనము మొదట అతని పేరే చదువుట వేఱు సంగతి.

ఇంతకును ఆ రాత్రి అందఱికంటె ఎక్కువ నష్టపోయినది ద్రౌపది. వ్యాసభారతమున ఆమె మొదట అతని ప్రాణము కోరి, తుదకు శిరోమణితో తృప్తిపడినది. భాగవతము ప్రథమస్కంధమున, పోతన తెలుగునను, ఇంకను ముందుకు పోయినది. అర్జునుడు కట్టి తెచ్చిన గురుపుత్రుని విడువుమనినది. బిడ్డలను పోగొట్టుకొని నేను ఏడ్చుచున్నట్లు ఇతని తల్లి ఏడువవలదనినది. ఆమెకు రాని ఆవేశమా? ఆమెకు లేని కారణమా? మన జాలిగుండెల ప్రేక్షకులు ఆమెను గూర్చి ఒక్క మాటయు ననరు.

ఉత్తర గర్భమున బ్రతికిన పరీక్షిత్తు ఒక మునికుమారుని కోపశాపముచే తక్షకుని కాటున పోయెను. అతని కొడుకు జనమేజయుడు. తండ్రి చావును గుర్తుచేసి అతనిని ఎగద్రోసినవాడు ఉదంకుడు. ఉదంకునకు తక్షకునితో కుండలముల పగ వేఱుగ నున్నది. మరల తండ్రి పగ, మరల పరుని పగ, మరల కొడుకు భుజములమీద! సర్పయాగము మొదలైనది. వైశంపాయనుడు ఈ భారతమును, అశ్వత్థామ కథతో సహా, ఆ యాగకర్మల నడిమి విరామములలోనే ఆ రాజునకు చెప్పెను. అప్పుడు ఆస్తీకుడను బాలుడు వచ్చి రాజును మెప్పించి, వరముగా యాగమును ఆపుమని యడిగెను. తక్షకుడు అగ్నికి చేరువలో నున్నాడు. బంగారము కోరుము, వెండి కోరుము, ఆవులను కోరుము, ఇది యొక్కటి తప్ప అని రాజు బ్రతిమాలెను. బాలుడు వినలేదు. సదస్యులు ఆ పిల్లవాని వర మిమ్మనిరి. జనమేజయుడు అట్లే కానిమ్మనెను. నిప్పు రగులుచుండగనే, ఋత్విజులు హవిస్సు పట్టుకొని యుండగనే, యాగము నిలిచిపోయెను.