చూచినవారి మాటలలో భేదమేల?

కంటితో చూచినదానికి మించిన ప్రమాణము లేదని లోకులందురు. అయినను ఒకే సంఘటనమును చూచిన పదిమంది పదివిధములుగా చెప్పుట మనము నిత్యమును వినుచున్నాము. అట్టిచో వినువారు తొందరపడి, వీరిలో తొమ్మండుగురు అబద్ధీకులనియో, పదుగురును అబద్ధీకులే యనియో తీర్పు చెప్పుచుందురు. ఈ రెండును తప్పని మా యభిప్రాయము. ఈ తప్పువలననే నిజము చెప్పిన పేదవాడు కోర్టుబోనులో దొంగవలె తల వంచుకొనుచున్నాడు. పాఠము అప్పగించిన కల్లసాక్షి పెద్దమనిషివలె దిగి పోవుచున్నాడు. కావున ఈ విషయమును కొంత విచారింతము.

విస్సన్నపేట కూడలిలో సంజవేళ ఒక లారీయు ఒక మోటారుసైకిలును ఢీకొన్నవనుకొందము. టీ దుకాణమువాడు గ్లాసులు కడుగుచు చప్పుడు విని తల యెత్తెను; అతడు చూచినది ఢీకొన్న తరువాతి క్షణమును మాత్రమే. తిరువూరు బస్సు కొరకు నిలిచిన ముసలమ్మ దృష్టి తన మూటమీద నున్నది. మామిడికాయల బండివాడు లారీ వెనుకనుండి చూచెను గనుక మోటారుసైకిలు ఏ ప్రక్కనుండి వచ్చినదో ఎరుగడు. పడినవాని బంధువునకు నెత్తురు తప్ప మరేమియు కనబడలేదు. మరునాడు నలుగురిని వేరువేరుగా ప్రశ్నించుడు. లారీ దీపములు వెలిగినవని ఒకరు, వెలుగలేదని ఒకరు, మోటారుసైకిలుపై ఇద్దరున్నారని ఒకరు, ఒక్కడే యని ఒకరు చెప్పుదురు. వీరిలో కల్లలాడినవాడెవ్వడు? ఒక్కడును లేడు. ఎవరికి కనబడిన ముక్కను వారు పట్టుకొనిరి. నడుమ మిగిలిన ఖాళీని మనస్సు తానే పూరించుకొన్నది.

ఇది మన పెద్దలకు తెలియని సంగతి కాదు. మన తార్కికులు ప్రత్యక్షమును ప్రమాణములలో మొదటిదిగా నెంచియు, అది భ్రాంతిలేనిదై యుండవలెనని నియమము పెట్టిరి. మసకచీకటిలో త్రాడు పామై కనబడుట వేదాంతుల ప్రసిద్ధోదాహరణము. పామని అరచినవాడు అబద్ధమాడలేదు. చూచినదానికి తన భయమును చేర్చి చెప్పెను.

చూపుతోనే భేదము ముగియదు. జ్ఞాపకము పెట్టెలో భద్రపరచిన దస్తావేజు వంటిది కాదు. తీసినప్పుడెల్ల తిరిగి వ్రాయబడు నకలు వంటిది. అమెరికాలో 1974లో లాఫ్టస్, పామర్ అను మనస్తత్త్వశాస్త్రజ్ఞులు విద్యార్థులకు మోటారుకార్ల ప్రమాదముల చిత్రములను చూపి, కార్ల వేగమెంతయని అడిగిరి. ప్రశ్నలో "తాకినప్పుడు" అను అర్థముగల మాట వాడినచో సగటున గంటకు 32 మైళ్లనియు, "నుజ్జుగా గ్రుద్దుకొన్నప్పుడు" అను అర్థముగల మాట వాడినచో దాదాపు 41 మైళ్లనియు జవాబు వచ్చెను. వారముదినముల పిమ్మట పగిలిన గాజుముక్కలు చూచితిరా యని అడుగగా, "కొట్టుకొన్నప్పుడు" అని విన్న 50 మందిలో 7గురును, "నుజ్జుగా" అని విన్న 50 మందిలో 16 మందియు చూచితిమనిరి. చిత్రములో గాజుముక్కలే లేవు! అడిగినవాని మాట చూచినవాని కంటిలోనికి జొరబడినది. పల్లెలలో ఈ పనిని రచ్చబండ చేయును. పట్టణములలో కాఫీహోటలు చేయును. నలుగురు కూడి ముమ్మారు చెప్పుకొనునప్పటికి ఒకని ఊహ నలుగురి జ్ఞాపకమగును.

మన ఉద్యమచరిత్రయే దీనికి సాక్షి. 1928 ఫిబ్రవరి 3న టంగుటూరి ప్రకాశం పంతులుగారు మద్రాసులో తుపాకి కెదురుగా రొమ్ము చూపిన సంగతి తెలుగువారిలో నెరుగనివారు లేరు. అయితే దానిని సైమను ముఖముమీదనే జరిగినట్లు చెప్పువారిని మేము పలుమారు వింటిమి. సైమను సంఘము ఆనాడు దిగినది బొంబాయి రేవులో. పంతులుగారు నిలిచినది మద్రాసు వీథిలో. చెప్పువారికి పంతులుగారిమీద గౌరవము తక్కువయై కాదు, ఎక్కువయ్యే ఈ రెండు పట్టణములు ఒకటైనవి. భక్తియు జ్ఞాపకమును మార్చును.

కాని భేదములన్నియు అమాయకములు కావు. 1924 మే 7న కొయ్యూరులో అల్లూరి సీతారామరాజును కాల్చి చంపిరి. పారిపోజూచినందున కాల్చితిమని ప్రభుత్వము చెప్పినది. పట్టుబడినవానిని చెట్టుకు కట్టి కాల్చిరని ప్రజలు చెప్పిరి. ఇది దీపములు వెలిగినవా లేదా యను భేదము వంటిది కాదు. పారిపోవువాడును చెట్టుకు కట్టబడినవాడును ఒకే క్షణమున ఒక్కడు కాజాలడు. ఇట్టిచోట కంటిదోషమని సరిపెట్టుకొనరాదు. ఏ మాటవలన ఎవరికి లాభమని అడుగవలెను.

అట్లయిన అబద్ధీకులందరికిని మీరు తలుపు తెరచుచున్నారు గదా యని కొందరు మమ్ము ఆక్షేపింపవచ్చును. లేదు. ప్రధానాంశము వేరు, చిల్లర వివరములు వేరు. లారీ గ్రుద్దినదని నలుగురును చెప్పినప్పుడు, గంట ఆరా, ఆరున్నరా యను తగవు నిజమును చెరుపదు. 1983లో సుప్రీముకోర్టు భర్వాడా భోగిన్‌భాయి కేసులో ఇదియే విశదపరచినది. సాక్షి ఛాయాచిత్ర యంత్రము కాడనియు, సంఘటనము హఠాత్తుగా మీద పడుననియు, కాలమును అంచనాగానే చెప్పగలడనియు, కోర్టు వాతావరణమునకు బెదరుననియు చెప్పి, స్వల్పభేదములకు అతిప్రాధాన్యమీయరాదని నిర్ణయించినది. 1872 నాటి సాక్ష్యచట్టమునగాని, 2024 జూలై 1 నుండి దాని స్థానమున అమలగుచున్న భారతీయ సాక్ష్య అధినియమమునగాని, ఇందరు సాక్షులుండి తీరవలెనను సాధారణ నియమము లేదు. సాక్ష్యమును తూచవలెనే కాని లెక్కింపరాదు.

వృత్తిరీత్యా మేము చూచినంతలో, అనుమానింపవలసినది కొంచెము భేదించు నలుగురిని కాదు. అక్షరము పొల్లుపోకుండ ఒక్కటే చెప్పు నలుగురిని. ధైర్యముగా చెప్పుటయు నిజమునకు గుర్తు కాదు. ఉత్తర కరోలినాలో ఒక బాధితురాలు పూర్ణవిశ్వాసముతో గుర్తుపట్టిన మనుష్యుడు 1985లో శిక్షపడి, పదేండ్లు చెరనుండి, 1995లో డీ.ఎన్.ఏ. పరీక్షవలన నిర్దోషియై బయటపడెను. ఆమె అబద్ధమాడలేదు, పొరపడినది.

కావున పఠనమందిరములకు వచ్చు యువకులకును, స్వచ్ఛందసేవకులకును మా మనవి. మీ యూర లాఠీదెబ్బలు గాని, కొట్లాట గాని, ప్రమాదము గాని జరిగినచో, ఆనాడే, నలుగురు కూడి మాటలాడుకొనకమునుపే, ఒక్కొక్కరిని వేరుగా కూర్చుండబెట్టి వారి మాటలలోనే వ్రాసికొనుడు. "అతడే కొట్టెను గదా?" అని అడుగక, "ఏమి చూచితివి?" అని మాత్రమే అడుగుడు. ఎక్కడ నిలిచినదియు, వెలుతురెంతయున్నదియు, ఏది చూచెనో, ఏది యొరులవలన వినెనో విడివిడిగా వ్రాయుడు. "తెలియదు" అన్నచో ఆ మాటనే వ్రాయుడు. సాక్ష్యములో నంతటి విలువగల మాట మరియొకటి లేదు. భేదములను దిద్ది ఒక్కటిగా అతుకకుడు. ఆ అతుకును పట్టుకొనియే ప్రతిపక్షము వకీలు మీ సాక్షినందరి యెదుట అబద్ధీకుని చేయును. చేతి ఫోనులో తీసిన చిత్రమున్నదని ధీమాపడకుడు. అదియు ఒక్క ప్రక్కనుండి చూచిన ఒక్క కన్నే.

న్యాయము కోరువారికి మొదటి కర్తవ్యము తమ సాక్షిని చూచినదానికంటె ఎక్కువ చెప్పనీయకుండుట. రెండవది, తక్కువ చెప్పినందుకు వానిని అవమానపరుపకుండుట. ఈ రెండును పాటించిననాడు నాలుగు కథలనుండి ఒక నిజము వెలువడుట దుర్లభము కాదు.